రిఫిఫి: మాట లేని అరగంట

శ్రోతలందరికీ నమస్కారం. పారిస్‌లో తీసిన, 1955లో విడుదలైన ఒక నలుపు తెలుపు ఫ్రెంచ్ క్రైమ్ సినిమా గురించి ఈ పూట చెప్పుకుందాం. పేరు రిఫిఫి. దర్శకుడు జూల్స్ డాసిన్. కథ పెద్దదేం కాదు. జైలు నుంచి బయటికొచ్చిన టోనీ, మరో ముగ్గురితో కలిసి ఒక నగల దుకాణం దోచుకుంటాడు. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పను, మీరే చూడండి.

నాకు చెప్పాలని ఉన్నది ఆ దోపిడీ గురించే. సినిమాలో అది దాదాపు అరగంట నడుస్తుంది. ఆ అరగంటలో ఒక్క మాట ఉండదు. సంగీతమూ ఉండదు.

దుకాణంలో అలారం ఉంది. కాస్త అదిరినా మోగిపోతుంది. అందుకని వీళ్లు పై అంతస్తు ఇంట్లోకి దూరి, అక్కడి నేలకు కన్నం వేస్తారు. మెల్లగా, కొంచెం కొంచెంగా. చిన్న కన్నం పడుతుంది. ఇంకా తవ్వితే పెళ్లలు కింద పడతాయి. పడితే అలారం మోగుతుంది. మరెలా? గొడుగు! మూసి ఉన్న గొడుగును ఆ కన్నంలోంచి కిందికి దించి, అక్కడ తెరుస్తారు. ఇక ఊడిన పెళ్లలన్నీ వచ్చి ఆ గొడుగులోనే పడతాయి. తర్వాత తాడు పట్టుకుని దిగి, మంటలార్పే సిలిండర్‌లోని నురగను అలారం పెట్టెలోకి కొట్టి దాని నోరు మూయిస్తారు.

మాట లేదు, సంగీతం లేదు. మరి మనకు వినపడేదేమిటి? పెళ్లలు రాలే చప్పుడు. ఆపుకోబోయిన దగ్గు. ఊపిరి. ఎక్కడ భయపడాలో సంగీతం చెప్పదు కాబట్టి, ప్రతి చిన్న అలికిడికీ మన గుండె జారుతుంది. నాకైతే టెన్షన్ అంటే అదే. ఈ రోజుల్లో థ్రిల్లర్ తీసేవాళ్లు ఒక్క సీనులోనైనా ఆ మోత ఆపి చూస్తే బాగుండుననిపిస్తుంది.

సంగీత దర్శకుడు జార్జ్ ఆరిక్ ఆ ఘట్టానికీ సంగీతం కట్టాడు. డాసిన్ దాన్ని సంగీతంతో ఒకసారి, లేకుండా ఒకసారి వేసి చూపించాడు. చూశాక, ఇక్కడ నా సంగీతం వద్దని ఒప్పుకున్నది ఆరిక్కే! తను కట్టిన బాణీని తనే వద్దనడానికి ఎంత పెద్ద మనసుండాలి!

డాసిన్ అమెరికావాడు. కమ్యూనిస్టు ముద్ర వేసి హాలీవుడ్ తలుపులు మూసేస్తే, కొన్నేళ్లు పని లేకుండా ఉన్నాడు. తక్కువ డబ్బుతో ఈ సినిమా తీశాడు. ఇనప్పెట్టె తెరిచే సెజార్ వేషం, పెర్లో వీటా అనే మారు పేరుతో తనే వేశాడు. కాన్ సినిమా ఉత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నాడు.

చూడాలనుకుంటే ఒక్క మాట. రాత్రి పూట, ఇల్లు సద్దుమణిగాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. ఏమీ జరగడం లేదని ముందుకు జరపకండి. ఫ్రెంచ్ రాదే అంటారా, ఆ అరగంటకు సబ్‌టైటిల్స్ కూడా అక్కర్లేదు.