మస్టాంగ్ ఎత్తు తగ్గించే ముందు ఒక జిప్ టై కట్టి చూడండి

అందరికీ నమస్కారం. ఇవాళ వీడియో విజయనగరం నుంచి కాదు, బొబ్బిలి దగ్గర మా బావ రైస్ మిల్లు షెడ్డులోంచి. వెనకాల వినిపిస్తున్న మోత వీ8 ఇంజిన్‌ది అనుకునేరు, అది మిల్లు. ఒక్క గంట ఆపమంటే బావ ఒప్పుకోలేదు.

ఈ బండి 2017 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. ఐదు లీటర్ల ఇంజిన్, దాదాపు 400 హార్స్‌పవర్. బావ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కొన్న నెలకే సిటీలో ఒక షాపుకి తీసుకెళ్లి పొట్టి స్ప్రింగులు వేయించేశాడు. నాకు మాటవరసకైనా చెప్పలేదు. చెబితే వద్దంటానని తెలుసుగా. బండి నేలని కరుచుకుని కూర్చుంది, చూడ్డానికి భలే ఉంది, కాదనను. వారం తిరక్కుండా ఫోన్. "ఒరే, మలుపులో బండి ఎగిరి పక్కకెళ్లిపోతందిరా."

ఎక్కడ అనుకున్నారు? సాలూరు దాటాక సుంకి ఘాట్‌లో. మర్నాడు పక్క సీట్లో కూర్చుని నేనూ వెళ్లాను. ఒక ఎడమ మలుపు మధ్యలో రోడ్డుకి అతుకు వేసిన చోట చిన్న ఎత్తు ఉంది. స్పీడు కూడా పెద్దగా లేదు. ఆ అతుకు ఎక్కగానే కింద 'టక్' అని గట్టి దెబ్బ, వెనక భాగం అడుగు దూరం బయటికి జరిగింది. నాకు అరచేతులు చెమట పట్టాయి. బావ మాత్రం "చూశావా, నిన్నా ఇలాగే" అంటున్నాడు, ఏదో వింత చూపిస్తున్నట్టు.

తిరిగొచ్చాక జాకీ ఎత్తి, వెనక షాక్ అబ్జార్బర్ (మనం షాక్ అనేది దాన్నే) మీదున్న రబ్బరు తొడుగు పైకి లాగి, రాడ్‌కి ఒక జిప్ టై, అంటే వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీ, బిగించాను. మరీ గట్టిగా కాదు, వేలితో నెడితే జరిగేంత. కిందికి, షాక్ బాడీకి ఆనేలా తోసి బండి దింపాం. బొబ్బిలి నుంచి రామభద్రపురం వెళ్లి వచ్చాం, మామూలు స్పీడులో. మళ్లీ ఎత్తి చూస్తే జిప్ టై పైకంటా పోయి బంప్ స్టాప్‌లోకి నొక్కుకుని ఉంది. దగ్గరికి రండి, కెమెరా ఇటు పెట్టు. ఈ పసుపు నురుగు ముక్క అంచున నొక్కు కనపడుతోందా? అదీ సంగతి.

బంప్ స్టాప్ అంటే సస్పెన్షన్ చివరిదాకా కుదించుకుపోతే లోహం లోహానికి కొట్టుకోకుండా పెట్టే దిండు. అది తగిలిన క్షణం స్ప్రింగు ఉన్నట్టుండి ఎన్నో రెట్లు గట్టిపడినట్టే. మలుపులో వెనక బయటి చక్రానికి అలా జరిగిందంటే టైరు మీద బరువు ఒక్కసారిగా పెరుగుతుంది, పట్టు వదిలేస్తుంది. పొట్టి స్ప్రింగు బండిని దింపింది నిజమే, కానీ చక్రం పైకి కదలడానికి ఉన్న చోటులోంచి అంత మేరా తినేసింది. షాక్‌లేమో పాతవే. తొమ్మిదేళ్ల నాటి నూనె, ఆ పొడవుకి కుదరని వాల్వులు.

ఇంకొకటి ఉంది. ఈ బండికి ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్‌లు, అంటే షాక్‌నే చక్రాన్ని నిలబెట్టే స్తంభంగా వాడే రకం. అలాంటి బండిని దింపితే బరువు కేంద్రం ఎంత దిగుతుందో దానికన్నా ఎక్కువగా రోల్ సెంటర్, అంటే మలుపులో బండి ఏ బిందువు చుట్టూ వాలుతుందో అది, దిగిపోతుంది. రెండిటి మధ్య దూరం పెరుగుతుంది. అంటే అదే స్ప్రింగుతో అయితే బండి మలుపులో ఇంకా ఎక్కువ వాలే అవకాశం ఉంది! ఫొటోలో రేస్ కారులా కనపడుతుంది, నడిపితే పడవలా ఊగుతుంది.

సరే, మరి ఏం కొనాలి? దానికి ముందు బావని ఒక లెక్క అడిగాను. ట్రాక్ డే, అంటే సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు, మనకి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనే. ఆ ట్రాక్ ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. ఇరవై చుట్లు కొడితే 74 కిలోమీటర్లు. దానికోసం ఎన్‌హెచ్ 16 మీద పోను రాను 1,700 కిలోమీటర్ల పైమాటే. బండిని లారీ ఎక్కించి పంపిస్తావా బావా? పంపడు. నడుపుకుంటూనే వెళ్తాడు. అలాంటప్పుడు ట్రాక్ కోసం మాత్రమే బండి కడితే నెల్లూరు చేరేలోపు నడుము విరుగుతుంది.

కాబట్టి డబ్బు ముందు షాక్‌ల మీద పెట్టమన్నాను. ఎవరూ ఫొటో తీయని పార్టు అది, అందుకే అందరూ చివరికి నెడతారు. స్ప్రింగు బరువు మోస్తుంది, అంతే. ఊగడం ఎంత తొందరగా ఆగాలో తేల్చేది షాక్. మోనో ట్యూబ్ రకం, అంటే లోపల ఒకటే గొట్టం ఉన్నది, అయితే వేడిని బాగా వదులుతుంది, ట్రాక్ మీద పది చుట్ల తర్వాత కూడా మెత్తబడిపోదు. అడ్జస్ట్ చేసుకునేది తీసుకుంటే ఇంటికొచ్చే ముందు నాలుగు క్లిక్‌లు వదులు చేసుకోవచ్చు. కానీ రీబౌండ్, అంటే కుదించుకున్న స్ప్రింగు తిరిగి చాచుకోకుండా షాక్ పట్టే బిగువు, మరీ పెంచకండి. మన హైవే మీద స్పీడ్ బ్రేకర్ ముందు వరసగా గీసే ఆ లావు చారలు ఉంటాయి చూడండి, ఒకదాని మీద కుదించుకున్న స్ప్రింగు తిరిగి చాచుకునేలోపే రెండోది వచ్చేస్తుంది. బండి మెట్టుమెట్టుగా కిందికి దిగిపోయి చివరికి మళ్లీ అదే బంప్ స్టాప్.

స్ప్రింగు ఎంత గట్టిది కావాలన్నది ఇక. డబ్బా మీద అంకె చూసి కొనేస్తారు చాలామంది. సిరిమానోత్సవం చూసినవాళ్లకి ఇది సులువుగా చెప్పొచ్చు. పైడితల్లమ్మ సిరిమాను చివర పూజారి గారు బారెడు ఊగితే, మాను బండికి కట్టిన చోట కదిలేది కొంచెమే. ఈ బండి వెనక స్ప్రింగూ అంతే. చక్రం దగ్గర కాదు, లోపలగా లోయర్ ఆర్మ్ మీద, అంటే చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే కింది చెయ్యి మీద, కూర్చుంటుంది. ఆర్మ్ పొడవులో సగం దగ్గర ఉందనుకోండి, చక్రానికి తెలిసే గట్టితనం సగం కాదు, సగంలో సగం, అంటే నాలుగో వంతు. ముందు స్ట్రట్‌లో ఆ తేడా చాలా తక్కువ. అందుకే వెనక స్ప్రింగు అంకె ముందు దానికంటే బాగా పెద్దగా ఉన్నా కంగారు పడొద్దు. రెండిటినీ పోల్చకూడదు. రోడ్డూ ట్రాకూ రెండూ కావాలంటే బండి సెకనుకి ఒకటిన్నర నుంచి రెండుసార్లు ఊగేలా ఉండే స్ప్రింగు చాలు. ఒకటీ ఒకటింబావు దగ్గర ఉంటే సుఖంగా తిరిగే ఇంటి కారు.

కాయిల్‌ఓవర్ల గురించి, అంటే షాక్ చుట్టూనే స్ప్రింగు ఎక్కించిన సెట్ల గురించి, కామెంట్లలో అడుగుతారు, నాకు తెలుసు. ఈ బండికి వెనక స్ప్రింగు వేరు, షాక్ వేరు. స్ప్రింగుని తెచ్చి షాక్ మీదకి ఎక్కిస్తే బండి వెనక బరువంతా షాక్ పై మౌంట్ మోయాలి. కంపెనీ దాన్ని అందుకు కట్టలేదు. రోడ్డు బండికి నేనైతే వేయించను.

షాక్‌లు కొనే ముందు బుష్‌లు, అంటే కీళ్ల దగ్గరుండే రబ్బరు ముక్కలు, ఎలా ఉన్నాయో చూడండి. 2014 దాకా మస్టాంగ్‌లన్నిటికీ, కోబ్రా అనే కొన్ని స్పెషల్ మోడళ్లు తప్ప, వెనక లారీలాగే ఒకటే ఇరుసు. 2015 మోడల్ నుంచి వెనక చక్రాలు విడివిడిగా కదులుతాయి. ఆ వెనక ఫ్రేమ్‌ని బాడీకి కట్టే రబ్బర్లు మెత్తన. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే వెనక చక్రాలు గుర్రం గిట్టల్లా టపటపా ఎగురుతాయి. ఫ్రేమ్ కదలకుండా పట్టే చిన్న లాకౌట్ కిట్ వేస్తే చాలావరకు పోతుంది. ఖర్చు తక్కువ, తేడా మాత్రం ఎక్కువ. మిగతా ఆర్మ్‌లకి కొత్త రబ్బరే వేయించాం. రబ్బరుకి బదులు గట్టి పాలీ బుష్‌లు వేస్తే కుదుపు ఎక్కువ, మా అక్కయ్య ఆ బండి ఎక్కదు.

స్టెబిలైజర్ బార్, అంటే బండి పక్కకి వాలకుండా ఎడమ కుడి చక్రాలని కలిపే కడ్డీ, దాని మీద ఒక్క మాట. మందం పది శాతం పెంచితే గట్టితనం 46 శాతం పెరుగుతుంది. వెనకది లావు చేస్తే వెనక భాగం ఇంకా జారుతుంది, వాన రోజున 400 హార్స్‌పవర్‌తో అది అక్కర్లేని సరదా. ముందు క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలే కోణం, మైనస్ ఒకటిన్నర డిగ్రీ పెట్టాం. టైర్లు లోపలి వైపు అరిగిపోవా అంటే, ఎక్కువగా తినేది క్యాంబర్ కాదు, తప్పు టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండడం. ట్రాక్‌కి వెళ్లే ముందు బ్రేక్ ఆయిల్, ప్యాడ్‌లు మార్చకపోతే ఇదంతా దండగ, ఆ సంగతి వేరే వీడియోలో. ఆర్టీవో గొడవ కూడా గుర్తుంచుకోండి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల గురించే. ఏం మార్చినా ఇన్సూరెన్స్ వాళ్లకి రాసి ఇవ్వండి.

పాత స్ప్రింగులు మిల్లు మూల తవుడు బస్తాల వెనక దొరికాయి. దులిపి, మళ్లీ అవే ఎక్కించాం, షాక్‌లు మాత్రం కొత్తవి. నిన్న పొద్దున్న సుంకి ఘాట్‌లో అదే మలుపు, అదే అతుకు. బండి ఒక్కసారి లేచి కూర్చుంది, అంతే. జిప్ టైకీ బంప్ స్టాప్‌కీ మధ్య బొటనవేలు పట్టేంత చోటు మిగిలింది, ఇదిగో చూడండి.

బావకి ఇంకా మనసొప్పలేదు. బండి చుట్టూ తిరిగి, ఫెండర్ కింద చెయ్యి పెట్టి చూసి, "టైరు మీద పిల్లి పడుకునేంత గ్యాప్ ఉందిరా" అంటున్నాడు. పడుకోనీ బావా.