పాలు పోయవద్దు, మరిగించవద్దు: ఆసియా కిరాణా నుంచి తెచ్చిన నాలుగు టీలు

నమస్కారం. బల్ల మీద ఈ నాలుగు పొట్లాలు కనిపిస్తున్నాయి కదా, అన్నీ నిన్న కొన్నవే. నేను ఉండేది న్యూజెర్సీలో. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకు వెళితే కందిపప్పు నుంచి ఆవకాయ దాకా దొరుకుతాయి. అయినా రెండు వారాలకు ఒకసారి చైనా, కొరియా సరుకులు అమ్మే దుకాణానికి వెళుతుంటాను. మొదట వెళ్ళింది కూరగాయల కోసం. అక్కడ బూడిద గుమ్మడికాయను ముక్కలుగా కోసి అమ్ముతారు. వాళ్ళు సూపులో వేసుకుంటారు, మనం వడియాలు పెట్టుకుంటాం. ఎర్ర తోటకూర, బచ్చలికూర, మూర పొడవు అలసంద కాయలు కూడా ఉంటాయి, పేర్లే వేరు. శాకాహారులకు ఒక్క మాట చెప్పాలి. కిమ్చీలో, అంటే కొరియా వాళ్ళ క్యాబేజీ ఊరగాయలో, చాలావరకు చేపల సాసో, రొయ్యలో పడతాయి. జపాన్ వాళ్ళ మీసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపు పొట్లాల్లో కూడా తరచుగా ఎండు చేప సారం ఉంటుంది. వెనకవైపు చిన్న అక్షరాలు చదివాకే బుట్టలో వేయండి.

ఇక టీ సంగతి.

నేను కొన్న మొదటి జపాన్ టీ సెన్చా. ఇంటికి తెచ్చి ఏం చేశానో చెబితే నవ్వుతారు. అల్లం దంచి వేసి, పాలు పోసి, మూడు పొంగులు వచ్చేదాకా మరిగించాను. గడ్డి కషాయం తయారైంది. వీళ్ళు దీన్ని ఎలా తాగుతారో అనుకుంటూ డబ్బాను పోపు సామాను వెనక్కి నెట్టేశాను.

మన చాయ్ పొడి, ఈ టీలు అన్నీ ఒకే జాతి మొక్క ఆకులే. మనం వాడే పొడికి ఆకును నలిపి, చిన్న గుళికలుగా చేసి, పూర్తిగా నల్లబడనిస్తారు. అందుకే మరిగినకొద్దీ రంగు దిగుతుంది, పాలు పోసినా నిలబడుతుంది. ఆకుపచ్చ టీ అయితే ఆకు నల్లబడకముందే వేడి తగిలించి ఆపేస్తారు. జపాన్‌లో ఎక్కువగా ఆవిరి పట్టిస్తారు, చైనాలో బాణలిలో వేయిస్తారు. సెన్చాలో లేత ఆకుకూర వాసన, చైనాలోని హాంగ్‌జౌ ప్రాంతపు లాంగ్‌జింగ్ టీలో వేయించిన గింజల వాసన రావడానికి ఆ తేడాయే కారణం. సలసల కాగే నీళ్ళు పోస్తే సెన్చా చేదెక్కుతుంది. దానికి 70 నుంచి 80 డిగ్రీలు చాలు, ఒక్క నిమిషం చాలు. థర్మామీటర్ లేదా? పాలు తిరగబోస్తాం చూడండి, అలాగే కాగిన నీళ్ళను ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోయండి. పాత్ర మారినప్పుడల్లా సుమారు 10 డిగ్రీలు తగ్గుతుంది. రెండు మూడు సార్లు తిరగబోస్తే సరి.

మొదటి పొట్లం విప్పుతున్నాను. జెన్‌మైచా, జపాన్‌ది. దగ్గరగా చూడండి, ఆకుల మధ్య వేయించిన బియ్యం, అక్కడక్కడ పేలాల్లా విచ్చుకున్న తెల్లటి గింజలు. నీళ్ళు పడగానే ఇల్లంతా వేడి మరమరాల వాసన. సగానికి సగం బియ్యమే కాబట్టి కెఫీన్ తక్కువ, చేదు తక్కువ, నీళ్ళు కాస్త వేడెక్కినా ఓర్చుకుంటుంది. పొట్లం 6 డాలర్లు. టీ అంటే చాయే అనుకునే ఇంట్లో మొదట ఇదే పెట్టండి. పక్కన కారప్పూస ఉంటే ఇంకా మంచిది.

రెండోది తియెగ్వాన్‌యిన్ అనే ఊలాంగ్ టీ, చైనాలో ఫూజియన్ రాష్ట్రంలోని అన్షీది. ఊలాంగ్ అంటే ఆకు నల్లబడటాన్ని సగంలోనే ఆపినది, పూర్తిగా పచ్చా కాదు, నలుపూ కాదు. ఉండలు చుట్టిన ఆకులు నీళ్ళలో విచ్చుకుంటుంటే చూడటానికే బాగుంటుంది. నా పొట్లం సాధారణ రకం, రెండోసారి నీళ్ళు పోసేసరికే పలచబడింది. 14 డాలర్లకు తగినది కాదు.

మూడోదాని గురించి ఎక్కువ మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మల్లె టీ. చైనా వాళ్ళు వాడేది మన మల్లెల జాతి పువ్వే. సాయంత్రం బజారులో మొగ్గలు కొని తెస్తే రాత్రి ఇంట్లో విచ్చుకుంటాయి కదా, ఈ టీ చేసే పద్ధతి అంతా ఆ రాత్రి మీదే ఆధారపడి ఉంది. మధ్యాహ్నం మొగ్గలు కోస్తారు. అవి విచ్చుకునే వేళకు ఎండు టీ ఆకుతో కలిపి పోగు పెడతారు. తెల్లవారేసరికి ఆకు వాసన పీల్చుకుంటుంది, వాడిన పూలు తీసేస్తారు. ఆకును ఆరబెట్టి, మళ్ళీ కొత్త మొగ్గలతో అదే పని. మేలు రకాలకు ఇలా ఐదారు సార్లు చేస్తారు. ఫూజౌ నగరంలో వందల ఏళ్ళుగా ఈ పని జరుగుతోంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో అక్కడి మల్లె తోటలను, టీ సాగును ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

అందుకే పొట్లం నిండా ఎండు పూలు కనిపిస్తే మురిసిపోవద్దు, అవి చాలాసార్లు అందానికి కలిపినవే. ఒకసారి అలాంటిదే కొన్నాను, తాగితే అగరుబత్తి నీళ్ళలో ముంచినట్టు ఉంది. ఇది చూడండి, పూలు దాదాపు లేవు, వాసన మాత్రం మూడో కప్పులో కూడా పోలేదు. 9 డాలర్లు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు పోసి ఇస్తే, “పూలు తలలో పెట్టుకుంటారు గానీ తాగుతారురా?” అంది. కాసేపటికి ఖాళీ గ్లాసు నా వైపు జరిపింది.

నాలుగోది పు-అర్, చైనాలోని యున్నాన్ రాష్ట్రానిది. కాగితం విప్పుతున్నాను, పిడకలా ఉందని కింద రాయకండి, నాకూ అలాగే అనిపించింది. ఒక్కో బిళ్ళ మామూలుగా 357 గ్రాములు, ఏడు కలిపి ఒక కట్ట. ఇది నల్ల రకం, ఆకును తడిపి పోగు పెట్టి మాగబెడతారు. ఆ పద్ధతిని 1970లలో అక్కడి కున్‌మింగ్ నగరంలో రూపొందించారు. దీనికి మరిగే నీళ్ళే కావాలి. మొదటి నీళ్ళు పారబోయాలి. తొలకరి పడిన మట్టి వాసన, కొంచెం తీపి. పాలు పోసినా చెడదు, ఈ నాలుగింటిలో ఆ మాట దీనికి ఒక్కదానికే చెబుతాను. కానీ మొదటిసారే బిళ్ళ మొత్తం కొనకండి, చిన్న ఉండలుగా కూడా అమ్ముతారు, అవి చాలు.

నేను మళ్ళీ కొనేవి జెన్‌మైచా, మల్లె టీ.

ఇంకొకటి, వీటిని గాలి చొరని డబ్బాలో పోసి, పోపు సామానుకు దూరంగా పెట్టండి. మల్లె వాసన పీల్చుకునే ఆకు పక్కనున్న ఇంగువను వదిలిపెట్టదు. నేను వెనక్కి నెట్టేసిన ఆ సెన్చాను, నీళ్ళు తిరగబోయడం నేర్చుకున్నాక ఎంతో ఆశగా తెరిచాను. సరిగ్గా 75 డిగ్రీల నీళ్ళు, సరిగ్గా ఒక్క నిమిషం. అచ్చం చారు వాసన.