కీ లీకైతే ముందు కీ మార్చండి, తర్వాత కోడ్ సంగతి

ఏడబ్ల్యూఎస్ కీ, అంటే అమెజాన్ క్లౌడ్ ఖాతాలోకి ప్రోగ్రామ్‌ని రానిచ్చే రహస్య కోడ్, పొరపాటున కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌లోకి పుష్ అయిపోయింది. మీలో ఎంతమంది గబగబా ఆ లైను తీసేసి ఇంకో కమిట్ (మార్పుని గిట్‌లో సేవ్ చేయడం) కొడతారు? చేతులెత్తండి. సరే, దించేయండి, చాలామందే ఉన్నారు.

లైను తీసేస్తే పోయేదేమీ లేదు. కోడ్ మార్పుల చరిత్ర రాసుకునే గిట్, పాత కమిట్లన్నీ భద్రంగా దాచుకుంటుంది, గిట్ లాగ్‌ని ప్యాచ్ ఆప్షన్‌తో నడిపి కిందికి జరిపితే, ఎర్రరంగులో మైనస్ గుర్తు పక్కన, ఏకేఐఏతో మొదలయ్యే ఆ కీ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. పైన "రిమూవ్డ్ కీ" అని కమిట్ మెసేజ్ కూడా మనమే పెడతాం, వెతికేవాడికి శ్రమ లేకుండా! పబ్లిక్ రెపోల్లో, అంటే ఎవరైనా చూడగల కోడ్ నిల్వల్లో, కీల కోసం బాట్లు (వాటంతటవే వెతికే ప్రోగ్రాములు) రాత్రీపగలూ తిరుగుతూనే ఉంటాయి. అందుకే ముందు కొత్త కీ తీసి యాప్‌లో పెట్టండి, పాతది డిసేబుల్ చేయండి, ఆ కీతో ఎవరేం చేశారో ఏడబ్ల్యూఎస్ రికార్డు క్లౌడ్‌ట్రెయిల్‌లో చూడండి. ఒక ఐఏఎం యూజర్‌కి (ఏడబ్ల్యూఎస్‌లో అనుమతులుండే ఖాతాకి) ఒకేసారి రెండు కీలు ఉండనిచ్చేది ఇలా మార్చుకోడానికే. యాప్ కాసేపు ఆగినా ఫర్వాలేదనుకుంటే డిసేబులే ముందు. హిస్టరీ శుభ్రం చేయడం తీరిగ్గా చేసుకోవచ్చు.

"మాది ప్రైవేట్ రెపో అండీ" అంటారు. 2016లో ఊబర్‌దీ ప్రైవేట్ రెపోనే. అందులోకి దూరినవాళ్లకి ఏడబ్ల్యూఎస్ కీలు దొరికాయి, వాటితో 5.7 కోట్ల మంది వివరాలు బయటికెళ్లాయి. టయోటాకైతే కాంట్రాక్టర్ ఒకరు కొంత సోర్స్‌కోడ్‌ని పబ్లిక్‌గా పెట్టేశారు, అందులో సర్వర్ యాక్సెస్ కీ ఉంది, 2017 డిసెంబరు నుంచి 2022 సెప్టెంబరు దాకా ఎవరూ గమనించలేదు.

అసలు మనవాళ్లు కీ మార్చడానికి ఎందుకు జంకుతారంటే, అది ఎక్కడెక్కడ ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి. యాప్‌లో ఒకటి, బిల్డులు నడిపే జెంకిన్స్‌లో ఒకటి, ఎవరో రాసిన, టైము ప్రకారం నడిచే క్రాన్ స్క్రిప్టులో ఒకటి, టీమ్ వాట్సాప్ గ్రూపులో ఇంకొకటి. విశాఖ రుషికొండ ఐటీ కంపెనీల్లో రెండేళ్లు చేసి హైదరాబాద్ వెళ్లిపోయేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు, వాళ్లతోపాటు ప్రొడక్షన్ డేటాబేస్ పాస్‌వర్డూ బస్సెక్కేస్తుంది, మనం మాత్రం ఐడీ కార్డు వెనక్కి తీసుకుని ఊరుకుంటాం.

కాబట్టి సీక్రెట్, అది కీ అయినా పాస్‌వర్డ్ అయినా, ఒక్కచోటే ఉండాలి, సీక్రెట్లు దాచే వాల్ట్ గానీ సీక్రెట్స్ మేనేజర్ గానీ, యాప్ నడిచేటప్పుడు అక్కణ్నుంచి తెచ్చుకోవాలి. అంతకంటే మేలు, అసలు కీ లేకుండా చేసుకోవడం: ఈసీ2కి (ఏడబ్ల్యూఎస్ సర్వర్‌కి) ఐఏఎం రోల్, అంటే అనుమతుల పాత్ర, ఇస్తే కాసేపట్లో గడువు తీరిపోయే తాత్కాలిక కీలు వాటంతటవే వస్తాయి, కోడ్‌ని ఆటోమేటిగ్గా టెస్ట్, డిప్లాయ్ చేసే గిట్‌హబ్ యాక్షన్స్‌కి ఓఐడీసీతో (గుర్తింపు టోకెన్ పద్ధతితో) అదే పని అవుతుంది. సీక్రెట్లు రాసుకునే డాట్ ఎన్వ్ ఫైలు మీ ల్యాప్‌టాప్ వరకు సరే, గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా గిట్‌ఇగ్నోర్‌లో మాత్రం పెట్టండి. కంటెయినర్లు నడిపే కుబర్నెటీస్ సీక్రెట్‌లో కనిపించే బేస్64 రాతని ఎన్‌క్రిప్షన్ అనుకోకండి, ఒక్క కమాండ్‌తో విడిపోతుంది. బ్రౌజర్‌లో నడిచే రియాక్ట్ యాప్‌లో పెట్టిన కీ, ఎన్వ్ వేరియబుల్ నుంచి వచ్చినా సరే, బ్రౌజర్‌లో ఎవరికైనా కనబడుతుంది. ఇది ఫైనలియర్ ప్రాజెక్టులు చేసే పిల్లలకి మరీ మరీ చెప్తున్నా.

సోమవారం ఆఫీసుకెళ్లాక, మేనేజర్‌కి చెప్పే లెండి, టెస్ట్ సర్వర్ డేటాబేస్ పాస్‌వర్డ్ ఒకసారి మార్చి చూడండి. ఏవేవి ఆగిపోయాయో రాసుకుంటే, సీక్రెట్ ఎన్ని చోట్ల ఇరుక్కుని ఉందో ఆ లిస్టే చెప్తుంది, అక్కణ్నుంచి ఒక్కొక్కటీ తీసుకుంటూ రావచ్చు. ఇప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ముందుకి రండి, కోడ్‌లో సీక్రెట్లని పట్టే గిట్‌లీక్స్ ఇన్‌స్టాల్ చేసి ప్రీ‌కమిట్ హుక్‌లో (కమిట్‌కి ముందు నడిచే చెక్‌లో) పెట్టుకుందాం.