1720 అని చీటీ కట్టిన జర్మన్ చెకుముకి రైఫిల్: పది రోజులు నా దగ్గర

నమస్తే అండీ. టేబుల్ మీదున్నది జర్మన్ యేగర్ రైఫిల్. యేగర్ అంటే వేటగాడు. ఇక్కడ జర్మనీలోని ఎర్ఫర్ట్‌లో పాత ఆయుధాలు అమ్మే ఒకాయన, వీడియో చేయమని పది రోజులకు ఇచ్చారు. నేను డబ్బు తీసుకోలేదు, ఏం చెప్పాలో ఆయనా చెప్పలేదు. గొట్టంలోకి కడ్డీ దించి చూశాను, మందు లేదు, తూటా లేదు. పొడవు, బరువు, క్యాలిబర్ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను.

మడమ, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, దాని కుడి పక్కన ఈ చెక్క మూత చూడండి. నాకు ఈ రైఫిళ్ల మీద ఇష్టం పుట్టిందే దీనివల్ల. నొక్కి వెనక్కి లాగితే గాడిలో జారుకుంటూ వచ్చేస్తుంది. లోపల గూడు. తూటాకు చుట్టే జిడ్డు గుడ్డ ముక్కలు, అదనపు చెకుముకి రాళ్లు ఇందులోనే పెట్టుకునేవాళ్లు. ఆ గుడ్డ వల్లే తూటా గొట్టంలోని గాడులను గట్టిగా పట్టుకుంటుంది. ఇలాంటి రైఫిళ్లతో పెన్సిల్వేనియా వెళ్లిన జర్మన్ కమ్మరులు అక్కడ గొట్టం బాగా పొడవు చేశారు, తర్వాత్తర్వాత ఈ జారుడు మూత బదులు బందుల ఇత్తడి మూత వచ్చింది. నాకైతే చెక్కదే అందం.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తాను. మడమ మీద చెక్క చార ఎక్కడ ఆగిందో, మూత మీద అక్కడి నుంచే మొదలైంది. రెండూ ఒకే దుంగ. పాత తుపాకీల్లో ముందు పోయేది ఈ మూతే, తర్వాత ఎవరో ఇంకో చెక్కతో చేసి పెడతారు. ఇది మాత్రం అసలుది. చేతిలో పట్టుకుంటే ఎంత సంతోషంగా ఉందో!

ఇక చీటీ సంగతి. 1720 అని రాశారు. గొట్టం మీద సూల్ అనే తుపాకుల తయారీ ఊరి ముద్ర ఉంది, పక్కన కోడిపెట్ట గుర్తు. అది హెన్నెబర్గ్ కోడి, సూల్ ఒకప్పుడు ఆ సంస్థానంలోదే. ముద్ర ఊరు చెబుతుంది కానీ తుపాకీ వయసు చెప్పదు. మంచి గొట్టాన్ని పారేయరు, కొత్త చెక్కకు బిగించుకుంటారు.

అందుకే లాక్, అంటే రాయిని కొట్టి నిప్పు పుట్టించే ఈ పరికరం చూడాలి. 1720ల నాటి లాక్ పలక కింది అంచు అరటికాయలా వంగి ఉంటుంది. దీనిది దాదాపు తిన్నగా ఉంది. రాయి తగిలే ఉక్కు మూత కింద స్ప్రింగ్ దగ్గర చిన్న చక్రం కనబడుతోందా? ఆ రోలర్ 1770 ప్రాంతాల నుంచే మామూలైంది. చెక్కడం కూడా అదే చెబుతోంది. రెండు వైపులా సమానంగా లేని ఈ గవ్వ ఆకారాలు రొకోకో అనే అలంకరణ శైలి, అంటే 1740 తర్వాతివి. చీటీ యాభై ఏళ్లు తప్పు.

నాకు కోపం తెప్పించింది వేరే ఉంది. గిన్నెలోంచి గొట్టంలోకి నిప్పు వెళ్లే రంధ్రం చుట్టూ ఈ వెడల్పు ఉక్కు బిరడా! ఖరీదైన తుపాకీలకు బంగారు లైనింగ్ ఉండేది, అది సన్నగా ఉంటుంది. ఇది అది కాదు. 19వ శతాబ్దంలో దీన్ని క్యాప్ తుపాకీగా, అంటే రాయి బదులు చిన్న పేలుడు టోపీతో పేలేదిగా మార్చారు, ఈమధ్య ఎవరో మళ్లీ చెకుముకికి తిప్పారు. పక్కన గొట్టమంతా గుంటలు, మందు గిన్నె మాత్రం నున్నగా కొత్తగా. నా మొదటి తుపాకీకి ఇలాగే మోసపోయాను. అమ్మినవాళ్లు 'అంతా ఒరిజినల్' అన్నారు, నేను గిన్నె వైపు చూడనేలేదు. రెండు నెలల జీతం పోయింది. మార్చడం తప్పు కాదండీ, దాన్ని దాచి అమ్మడం తప్పు.

చీటీ మీది ధరకు నేను కొనను, మీకూ కొనమని చెప్పను. ఈ మాట ఆయనకూ చెప్పాను. 1770 తర్వాతిది, లాక్ తిరిగి మార్చినది అని రాసి, ఆ మేరకు ధర తగ్గిస్తే మాత్రం ఈ చెక్క మూత కోసమే నేను తీసుకుంటాను.

రేపు తిరిగి ఇచ్చేస్తున్నాను. మూత మూసుకునేటప్పుడు వచ్చే చప్పుడు ఒక్కసారి వినండి, మైక్ దగ్గర పెడుతున్నాను.