ఆర్‌ఆర్‌ఎస్‌ఎఫ్ రివ్యూ: కమాండ్ వెళ్లింది సరే, అక్కడ పని అయిందా?

నమస్తే అండీ. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్‌లో, యూజర్ ఐడీలు, పర్మిషన్లు చూసుకునే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ర్యాక్‌ఎఫ్‌తో వచ్చే రిమోట్ షేరింగ్ ఫెసిలిటీ, అందరూ ఆర్‌ఆర్‌ఎస్‌ఎఫ్ అనేది, ఈరోజు చూద్దాం. ఒక సిస్టమ్‌లో కొట్టిన ర్యాక్‌ఎఫ్ కమాండ్‌ని మిగతా సిస్టమ్‌లకీ పంపడం దీని పని. ర్యాక్‌ఎఫ్ బదులు ఏసీఎఫ్2, టాప్ సీక్రెట్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌లు వాడేవాళ్లకి ఇదే పని సీపీఎఫ్ (కమాండ్ ప్రొపగేషన్ ఫెసిలిటీ) చేస్తుంది. దాని జోలికి ఇప్పుడు వెళ్లను.

ఒకాయన ఉద్యోగం మానేశాడు, ఆయన ఐడీ ఆపాలి. విడివిడి ర్యాక్‌ఎఫ్ డేటాబేస్‌లున్న సిస్టమ్‌లు నాలుగైదు ఉంటే, ఒక్కోదాంట్లో లాగిన్ అయి ఐడీని ఆపే ఆల్ట్‌యూజర్ రివోక్ కమాండ్ కొడుతూ కూర్చోవాలి. ఒక్కటి మర్చిపోయినా ఆడిట్‌లో దొరికిపోతాం. ఆర్‌ఆర్‌ఎస్‌ఎఫ్‌లో ఆటోమేటిక్ డైరెక్షన్ పెట్టుకుంటే, ఇక్కడ కొట్టిన కమాండ్ మిగతా నోడ్‌లకి, అంటే కలిపి ఉన్న మిగతా సిస్టమ్‌లకి, దానంతటదే వెళ్తుంది. ఏది ఎక్కడికి వెళ్లాలో ఆర్‌ఆర్‌ఎస్‌ఎఫ్‌డేటా క్లాస్‌లో (ర్యాక్‌ఎఫ్ రూల్స్‌లో ఒక విభాగం) ప్రొఫైల్, అంటే రూల్, రాస్తాం: ఆటోడైరెక్ట్, చుక్క, నోడ్, చుక్క, క్లాస్, చుక్క, కమాండ్. కాబట్టి యూజర్ కమాండ్‌లు పంపి, డేటాసెట్ (మెయిన్‌ఫ్రేమ్ ఫైల్) ప్రొఫైల్స్ ఎక్కడివక్కడే ఉంచుకోవచ్చు. ఇది నాకు బాగా నచ్చింది. అవతలి సిస్టమ్ డౌన్ అయినా టెన్షన్ లేదు. కమాండ్ అవుట్‌మెసేజ్ అనే వీశామ్ ఫైల్‌లో (మెయిన్‌ఫ్రేమ్‌లో ఒక రకం ఫైల్) ఆగి, కనెక్షన్ రాగానే వెళ్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఇది పంపేది కమాండ్‌నే. రెండు డేటాబేస్‌లు ఒకేలా ఉన్నాయా లేదా అని చూడదు. ఇక్కడున్న గ్రూప్ అక్కడ లేదనుకోండి, యూజర్‌ని ఆ గ్రూప్‌లో చేర్చే కనెక్ట్ కమాండ్ ఇక్కడ సక్సెస్, అక్కడ ఫెయిల్. మీ స్క్రీన్ మీద మాత్రం అంతా సవ్యంగానే ఉంటుంది, ఎందుకంటే అవతలి పని తర్వాత, విడిగా జరుగుతుంది. సెట్ కమాండ్‌లో అవుట్‌పుట్ ఎవరికని రాస్తే వాళ్ల ఆర్‌ఆర్‌ఎస్‌ఎఫ్‌లిస్ట్ డేటాసెట్‌లో ఫలితం పడుతుంది. ఫెయిలైనవి మాత్రమే రమ్మనొచ్చు కూడా. కానీ ఆ డేటాసెట్ రోజూ తెరిచి చూసేవాళ్లెవరో ముందే తేల్చుకోండి, లేకపోతే రాసి దండగ. ఇద్దరు అడ్మిన్‌లు రెండు నోడ్‌లలో ఒకే ఐడీని ఒకేసారి మార్చినా, ఎవరిది నెగ్గాలో ఇది తీర్పు చెప్పదు.

అందుకే ఆన్ చేసేముందు రెండు డేటాబేస్‌లని అన్‌లోడ్ చేసి (మామూలు ఫైల్‌గా బయటికి తీసి), ఐబీఎం ఇచ్చే, రెక్స్ స్క్రిప్ట్ భాషలో రాసిన డీబీసింక్ టూల్‌తో పోల్చండి. తేడాలు సరిచేసే కమాండ్‌లు అదే తయారుచేస్తుంది. వాటిని చదవకుండా రన్ చేయకండి.

సిస్టమ్‌ల మధ్య కనెక్షన్‌కి ఏపీపీసీ అనే పాత ఐబీఎం పద్ధతి ఉంది, జెడ్/ఓఎస్ 1.13 నుంచి టీసీపీ/ఐపీ కూడా వచ్చింది. కొత్తగా పెట్టేవాళ్లు టీసీపీ/ఐపీకే వెళ్లండి. దానికి ఏటీ-టీఎల్‌ఎస్ (జెడ్/ఓఎస్‌లో కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసేది) తప్పనిసరి కాబట్టి సర్టిఫికెట్‌ల పనికి కాస్త టైమ్ పెట్టుకోండి. ఇంకొకటి, తొందరలో అన్నింటికీ కలిపి ఒకే జెనరిక్ ప్రొఫైల్ (అన్నింటికీ వర్తించే రూల్) రాసేసి, టెస్ట్ నుంచి ప్రొడక్షన్‌కి దారి తెరిచేయకండి. టెస్ట్‌లో సరదాగా కొట్టిన, ఐడీని తీసేసే డెల్‌యూజర్ కమాండ్ ప్రొడక్షన్‌లో నిజంగానే పనిచేస్తుంది.