ఉప్పుగాలికి నిలబడే గ్యాస్ గ్రిల్ ఎలా చూసుకోవాలి?

నమస్తే అండి. ముందు నా చేతిలో ఉన్నది చూడండి. ఇది గ్యాస్ గ్రిల్ బర్నర్. గొట్టం పొడవునా వరుసగా సన్నటి రంధ్రాలు ఉండాలి. అవి మూడు చోట్ల కలిసిపోయి, వేలు పట్టేంత కంతలు పడ్డాయి. కొని మూడేళ్లు నిండలేదు.

మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. రాత్రిపూట పెరట్లో నిలబడితే సముద్రం హోరు వినపడుతుంది. ఈ గ్రిల్ షాపులో అద్దంలా మెరిసింది. నాలుగు బర్నర్లు, పక్కన ఇంకో చిన్న పొయ్యి. "ఫుల్ స్టెయిన్‌లెస్ స్టీల్ సార్" అన్నారు. రెండు వానాకాలాలు గడిచేసరికి బోల్టులు తుప్పుపట్టాయి, ఆ తర్వాత బర్నర్ ఇలా అయింది. డబ్బు పోయిందన్న బాధ కంటే, కంతలోంచి మంట గ్యాస్ పైపు వైపు తిరగడం చూసినప్పుడు పుట్టిన భయమే ఎక్కువ. పిల్లలు పక్కనే ఆడుకుంటున్నారు. అందుకే ఈ వీడియో చేస్తున్నాను.

పొదలకూరు నుంచి ఒక అన్న అడిగారు: "పెరట్లో పెట్టుకోవడానికి గ్రిల్ కావాలి. గ్యాస్ మీద కాల్చాలి, అప్పుడప్పుడు పొగ పట్టించాలి, పదేళ్లు ఉండాలి. ఎన్ని బర్నర్లది తీసుకోమంటారు?" అన్నా, బర్నర్ల లెక్క తర్వాత చూద్దాం. ముందు అది ఏ స్టీలో అడగండి.

స్టెయిన్‌లెస్ అనే మాట ఒకటే గానీ అందులో రకాలు చాలా ఉన్నాయి. 304 అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. 430లో నికెల్ దాదాపు ఉండదు, దానికి అయస్కాంతం గట్టిగా అతుక్కుంటుంది. ఈ సంగతి చాలామందికి తెలుసు, అయస్కాంతం జేబులో వేసుకుని మరీ షాపుకు వెళ్తారు. మోసపోయేది మాత్రం 201 దగ్గర. అందులో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు. 304కు లాగే దానికీ అయస్కాంతం అంటుకోదు. చూడటానికి 304 లాగే మెరుస్తుంది, కానీ ఉప్పుగాలికి గోధుమరంగు మచ్చలు వస్తాయి, ఆ మచ్చల కిందే గుంటలు పడతాయి. స్టీలు కొని అమ్మేవాళ్ల దగ్గర చిన్న బ్యాటరీ, చుక్కల మందు ఉంటాయి. 201 అయితే చుక్క ఎర్రగా తిరుగుతుంది. ఆ పరీక్ష చేయించలేకపోతే కనీసం బిల్లు మీద 304 అని రాయించుకోండి. రాయడానికి వెనకాడుతున్నారంటే అక్కడ కొనకండి.

ఇంకా మంచిది 316. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును బాగా తట్టుకుంటుంది. ధర కూడా అలాగే ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, ఇల్లు ఇసుకలోనే ఉంటే తప్ప బాడీకి 304 చాలు. మిగిలిన డబ్బు మందపాటి బర్నర్ల మీద పెట్టండి. మూత, కింది పెట్టె పోత అల్యూమినియంతో చేసినవి కూడా ఉంటాయి. వాటికి ఇనుములా తుప్పు రాదు. మెరుపు లేదని వదిలేయకండి.

కొనేముందు వంగి గ్రిల్ అడుగు భాగం చూడండి. మొహమాటం వద్దు. బాడీ 304 వేసి, బోల్టులు మామూలు జింకు పూతవి బిగించడం చాలా చోట్ల ఉంది. నా గ్రిల్ పాడవడం మొదలైంది అక్కడి నుంచే.

ఇప్పుడు పొగ సంగతి. కాల్చడానికి పెద్ద మంట కావాలి. పొగ పట్టించడానికి సరిగ్గా దానికి వ్యతిరేకంగా, వేడి 110 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ నిలకడగా ఉండాలి. అందుకు రెండు బర్నర్లైనా తప్పనిసరి, మూడుంటే సుఖం. ఒక చివర బర్నర్ వెలిగించి, దాని మీద చెక్కముక్కల పెట్టె పెట్టి, మాంసం రెండో చివర మంట లేని వైపు పెడతాం. షాపులోనే అడగండి: ఒక్క బర్నర్ సిమ్‌లో పెట్టి, మూత వేసి, పావుగంట ఆగి చూపించమనండి. మూత మీది వేడి మీటర్ ముల్లు 120 దాటి 160కి పోతే అది కాల్చడానికే పనికొస్తుంది. గ్యాస్ గ్రిల్‌కు వెనక గాలి సందులు ఉంటాయి, పొగ కొంత అటే పోతుంది. ఆ సందుల్ని ఫాయిల్‌తో మూయకండి. మండిన గ్యాస్ బయటికి పోవాల్సిన దారి అదే. బొగ్గు మీద వచ్చినంత పొగ రుచి గ్యాస్ మీద రాదు, అది ఒప్పుకోవాలి.

చెక్కకు మాత్రం మనకు కొదవ లేదు. అమెరికాలో మెస్కీట్ అని డబ్బు పెట్టి కొనుక్కునే కట్టె, మన ప్రకాశం జిల్లా బీళ్ల నిండా ఉన్న సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. దాని పొగ ఘాటు, ఎక్కువైతే చేదెక్కుతుంది. మటన్‌కు రెండు ముక్కలు చాలు. చేపకైతే బాగా ఎండిన మామిడి, జామ, లేదా మీ పొదలకూరు నిమ్మతోటల కొమ్మలు. మందు కొట్టిన కొత్తలో నరికిన కొమ్మలు వద్దు. ప్లైవుడ్, రంగు వేసిన చెక్క అసలే వద్దు. చికెన్ పెడితే మూత మీది మీటర్ నమ్మకండి. ముక్క మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి.

అమెరికా నుంచి బావగారు పంపిస్తానంటున్నారని కూడా ఆ అన్న రాశారు. వద్దని చెప్పండి. అక్కడ పైపులైన్ గ్యాస్‌కు చేసిన గ్రిల్‌లో గ్యాస్ బయటికొచ్చే జెట్ రంధ్రం పెద్దది, మన ఎల్పీజీ పెడితే మంట ఎగసిపడుతుంది. అక్కడ సిలిండర్లలో వచ్చే ప్రొపేన్ గ్యాస్‌కు చేసిందైనా దాని రెగ్యులేటర్ మన 14.2 కిలోల సిలిండర్‌కు పట్టదు. మధ్యలో ఏదో ఒకటి అతికించి నడపడం ప్రాణాలతో ఆట. మన దగ్గరి ఎల్పీజీకి చేసిందే తీసుకోండి, ఇంటి రెగ్యులేటరే వాడండి. హోటళ్ల హైప్రెషర్ రెగ్యులేటర్ పెట్టొద్దు. ఐఎస్ఐ గుర్తున్న సురక్షా పైపు వేసి, అయిదేళ్లకోసారి మార్చండి.

వాడకంలో ఒక్క విషయం గట్టిగా చెబుతాను. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. కవర్ కప్పేశాం కదా అని వదిలేస్తే లోపల చెమ్మ ఊరి, ఉప్పు అక్కడే తింటుంది. వాన వెలిశాక కవర్ తీసి ఆరబెట్టండి. మంచినీళ్లలో తడిపిన గుడ్డతో తుడవండి. బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ తగలనివ్వకండి, 304 కూడా వాటికి ఆగదు. చాలా రోజులు వాడకపోతే బర్నర్ గొట్టాల్లో సాలీళ్లు, మట్టిగూళ్లు పెట్టే కందిరీగలు చేరతాయి. నీలి మంట పసుపుగా మారితే ముందు అక్కడ చూడండి.

ఇదిగో, ఇది నా కొత్త గ్రిల్. 304 బాడీ, మూడు బర్నర్లు, బోల్టులు కూడా 304వే అడిగి వేయించుకున్నాను. అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాశాను, బుడగలు రావడం లేదు. పండుగప్పకు ఉప్పు, మిరియాలు పట్టించి ఉంచాను. ఎండిన నిమ్మకట్టె ముక్కలు పెట్టెలో వేశాను. మూత తెరిచే ఉంచి, ఎడమ బర్నర్ వెలిగిస్తున్నాను.