అండాశయ క్యాన్సర్‌లో హార్మోన్ మాత్రలు ఎవరికి పనిచేస్తాయి?

అందరికీ నమస్కారం.

బయాప్సీ రిపోర్ట్ చేతికి రాగానే చాలామంది కళ్లు "ఈఆర్ పాజిటివ్" (అంటే కణితిలో ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉందని) అన్న చోట ఆగిపోతాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చి హార్మోన్ మాత్రలతో ఏళ్ల తరబడి బాగున్నవాళ్లు ఎవరో ఒకరు తెలిసే ఉంటారు కదా, దాంతో "అయితే మాకూ కీమో అక్కర్లేదేమో, మాత్రలు సరిపోతాయేమో" అని ఆశపడతారు. ఆ ఆశను నేను తీసిపారేయను. కానీ అండాశయ క్యాన్సర్‌లో లెక్క వేరు.

రిసెప్టర్ అంటే కణంలో ఉండే ఒక ప్రొటీన్. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ వచ్చి దానికి అతుక్కుంటే అది కేంద్రకంలో కొన్ని జన్యువులను పనిలోకి దింపుతుంది, కణం విభజన చెందడానికి కావలసినవి కూడా వాటిలో ఉంటాయి. ప్రొజెస్టిరాన్‌కూ ఇలాగే సొంత రిసెప్టర్ ఉంది.

అయితే అండాశయ క్యాన్సర్ ఒకే జబ్బు కాదు, మైక్రోస్కోప్‌లో కణాలు కనిపించే తీరును బట్టి చాలా రకాలు. ఎక్కువమందికి వచ్చేది హై గ్రేడ్ (కణాలు బాగా మారిపోయి వేగంగా పెరిగే) సీరస్ రకం. వాటిలో ప్రతి 5 కణితుల్లో దాదాపు 4 ఈఆర్ పాజిటివే! మరి ఈస్ట్రోజన్‌ని అడ్డుకునే హార్మోన్ మందులు ఇస్తే? జబ్బు తిరగబెట్టినవాళ్లలో నూటికి సుమారు పదిమందికే కణితి స్పష్టంగా తగ్గుతుంది, ఇంకొంతమందికి కొన్నాళ్లు పెరగకుండా నిలకడగా ఉంటుంది. ఎందుకంటే ఈ రకంలో పీ53 అనే జన్యువు దాదాపు అందరిలోనూ దెబ్బతిని ఉంటుంది, క్రోమోజోములన్నీ చిందరవందరగా ఉంటాయి, ఈస్ట్రోజన్ ఆగిపోయినా పెరగడానికి ఆ కణాలకు వేరే దారులు బోలెడు. రిసెప్టర్ ఉంది సరే, కణం దాని మీదే ఆధారపడి బతుకుతోందా అన్నదే అసలు ప్రశ్న.

లో గ్రేడ్ సీరస్ దగ్గరికొస్తే కథ మారిపోతుంది. ఇది అరుదు, కాస్త చిన్న వయసులో వస్తుంది, నెమ్మదిగా పెరుగుతుంది, కీమోకి అంతగా లొంగదు. 2017లో అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, సర్జరీ, కీమో అయ్యాక హార్మోన్ మాత్రలు కొనసాగించినవాళ్లకు జబ్బు ముదరకుండా గడిచిన కాలం మధ్యస్థంగా 64.9 నెలలు, వాడనివాళ్లకు 26.4 నెలలు. ఇవి పాత రికార్డులు తిరగేసి తీసిన లెక్కలు, లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి చేసిన ట్రయల్ కాదు, అయినా ఇంత తేడాని తేలిగ్గా కొట్టిపారేయలేం. అందుకే ఆపరేషన్ తర్వాత కీమో లేకుండా నేరుగా లెట్రోజోల్ అనే హార్మోన్ మాత్ర ఇస్తే సరిపోతుందా అని ఒక పెద్ద ట్రయల్‌లో పోల్చి చూస్తున్నారు.

ఎండోమెట్రియాయిడ్ అనే ఇంకో రకంలో ఈ రిసెప్టర్లు ఉన్నవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నట్టు 2013లో వచ్చిన పెద్ద అధ్యయనంలో తేలింది. క్లియర్ సెల్, మ్యూసినస్ రకాల్లో ఇవి చాలావరకు కనిపించవు.

"రెండు అండాశయాలూ తీసేశారు కదా, ఇంకా ఈస్ట్రోజన్ ఎక్కడిది?" అని తరచూ అడుగుతారు. మంచి ప్రశ్న. అడ్రినల్ గ్రంథులు చేసే కొన్ని హార్మోన్లను కొవ్వులోని అరోమటేజ్ అనే ఎంజైమ్ ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది. లెట్రోజోల్ ఆ ఎంజైమ్‌ని ఆపుతుంది. టామాక్సిఫెన్ అయితే నేరుగా రిసెప్టర్‌నే అడ్డుకుంటుంది, కాకపోతే దాంతో రక్తం గడ్డకట్టే రిస్క్ ఉంది.

ఇంకో కొత్త సంగతి. ఒత్తిడి హార్మోన్ అని మనం పిలిచే కార్టిసాల్‌కీ కణాల్లో రిసెప్టర్ ఉంది, కీమో దెబ్బకు చావాల్సిన క్యాన్సర్ కణం దాని సాయంతో తప్పించుకోగలదు. ఆ దారిని మూసే రెలాకోరిలాంట్ అనే మందుని, ప్లాటినం కీమోకి (కార్బోప్లాటిన్ లాంటి మందులకు) లొంగని జబ్బు ఉన్నవాళ్లకు కీమోతో కలిపి ఇచ్చి చూశారు. 2025లో వచ్చిన ఫలితాల్లో జబ్బు అదుపులో ఉన్న కాలం పెరిగింది. అది కొద్దిగానే, కానీ ఈ దశలో ఉన్నవాళ్లకు ఏ కాస్త మెరుగైనా నా దృష్టిలో విలువైనదే.

కాబట్టి రిపోర్ట్ చూపించేటప్పుడు ముందు ఏ రకమో, ఏ గ్రేడో అడగండి, ఈఆర్ సంగతి ఆ తర్వాత. లెట్రోజోల్ మొదలుపెడితే కీళ్ల నొప్పులు, ఒళ్లంతా వేడి ఆవిర్లు రావచ్చు, ఎముకలు పలచబడతాయి, అందుకే ఎముకల సాంద్రత చూసే స్కాన్ (డెక్సా) చేయించాలి. నొప్పులు భరించలేక డాక్టర్‌కి చెప్పకుండా మాత్రలు మానేసేవాళ్లు ఉంటారు. దయచేసి అలా చేయకండి, అదే కోవలో వేరే మందుకి మారే వీలుంది, కొంతమందికి దానితో నొప్పులు తగ్గుతాయి కూడా.